ఎలుకల గదిలో మగ వాసన

"నిన్ను ఎలుకల గదికి పంపుతున్నాను," అన్నాడు పెద్దాయన.

గూఢచారి విభాగంలో అందరూ ఆమెను పిల్లి అని పిలుస్తారు. నడిస్తే చప్పుడు వినపడదని ఆ పేరు. ఆమె నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అనలేదు. ఒక ఫొటోను బల్ల మీద ఆమె వైపు తోశాడు. చిన్న గాజు సీసా, అందులో నీళ్లలాంటి ద్రవం.

"భయం జబ్బుకి మందు. మెదడులో రిసెప్టర్లని ఉంటాయట, ఫ్యాన్‌కి రెగ్యులేటర్ లాగా. ఇది భయాన్ని తగ్గించే వైపు తిప్పుతుంది. పాత మందులు ఫ్యాన్‌తో పాటు ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసేవి. మనిషి మత్తుగా పడుండేవాడు. ఇది అలా కాదు."

"ఎవరి కన్ను పడింది సార్?"

"సరిహద్దు అవతలి ముఠాది. సీసా వాళ్లకి దక్కాలి, ఇక్కడ పని ఆగిపోవాలి. లోపల వాళ్ల మనిషి ఉంది. ఆ గదిలోకి ఆడవాళ్లకే ప్రవేశం, అందుకని ఉంది అంటున్నాను."

"నేనే ఎందుకు?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ మందు మొదట వేయించుకోబోయేది మీ అక్క."

అక్క ఇంటి గడప దాటి రెండేళ్లయింది. కాలింగ్ బెల్ మోగితే చాలు, గుండె గొంతులోకి వచ్చేస్తుంది. బాత్రూమ్ నేల మీద కూర్చుని, పంపు తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడుస్తుంది. అంతకుముందు ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. ప్రతి మెట్టూ ఆమెను పొదివి పట్టుకుని ఎక్కించింది బావే.

"రిపోర్టులన్నీ మీ బావ చేతికే ఇవ్వు. మధ్యలో ఇంకెవరూ వద్దు," అన్నాడు పెద్దాయన.

"అంతకంటే కావలసిందేముంది సార్," అంది పిల్లి.

బావ కూడా ఆ విభాగం మనిషే. ఆమెను ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. అద్దం చూడకుండా వెనక ఎవరున్నారో కనిపెట్టడం, కళ్లు ఆర్పకుండా అబద్ధం చెప్పడం, అన్నీ ఆయన నేర్పినవే. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఎండ లేకపోయినా నల్ల కళ్లద్దాలు. ప్లంబర్ వేషం వేసినా సినిమా హీరో ప్లంబర్ వేషం వేసినట్టుండేవాడు.

ల్యాబ్‌లో పిల్లికి నీలం గౌను ఇచ్చారు. ఎలుకలకు మేత, నీళ్లు, పంజరాలు కడగడం ఆమె పని. ఆమె అసలు సంగతి సైంటిస్టు మేడమ్‌కి ఒక్కదానికే తెలుసు. మేడమ్ పొట్టి మనిషి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చి, దాని కోసమే గదంతా వెతుక్కుంటుంది.

"మగవాళ్లని ఈ గది దరిదాపులకి రానివ్వకు," అని మొదటి రోజే చెప్పింది మేడమ్.

"ఏం మేడమ్?"

"మగవాడి చెమట వాసన తగిలితే ఎలుకలు బెదురుతాయి. మనిషి పోయినా వాసన ఉంటుంది. విప్పిన చొక్కా ఇక్కడ వేలాడదీసినా అంతే. నా కొలతలన్నీ పాడవుతాయి."

"మగవాళ్ల సంగతి ఎలుకలకి కూడా తెలిసిపోయిందన్నమాట," అంది పక్కనున్న అసిస్టెంట్. ఆ అమ్మాయి గోళ్లకు రోజుకో రంగు. గ్లవ్స్ వేసుకున్నాక ఎవరు చూస్తారే అంటే, నేను చూస్తానుగా అంటుంది.

గది మధ్యలో కూడిక గుర్తు ఆకారంలో ఎత్తైన చెక్క దారి ఉంది. రెండు దారులకి గోడలున్నాయి, రెండిటికి లేవు. భయపడే ఎలుక గోడల మధ్యే ముడుచుకుంటుంది. మందు పడిన ఎలుక బయటి దారిలోకి వచ్చి, అంచు నుంచి కిందికి తొంగి చూస్తుంది. రోజూ పొద్దున్నే ఆ పరీక్ష. మందు సీసాలు ఉండే ఫ్రిజ్ ఆ గది లోపలే, వెనక గోడకి ఉంది.

"ఈ మందుకి అద్దంలో బొమ్మ లాంటి జోడు ఒకటుంది," అంది మేడమ్ ఒక రోజు. "అన్నీ అవే అణువులు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాగా తిరగబడి ఉంటాయి, అంతే. మనది భయాన్ని తగ్గిస్తుంది. అది పెంచుతుంది."

"ఎంత పెంచుతుంది?"

"ఫిట్స్ వచ్చి ప్రాణం పోయేంత."

"చూస్తే తెలుస్తుందా?"

"కంటికి తెలియదు. ఈ గొట్టంలో పోసి కాంతి పంపాలి. మనది కాంతిని కుడివైపు తిప్పుతుంది. అది ఎడమవైపు."

బావను కలిసే చోటు లాండ్రీ దుకాణం. పిల్లి వెళ్లేసరికి ఆయన చొక్కాలు లెక్క చూసుకుంటున్నాడు.

"గంజి ఎక్కువైందా?" అని ఆమె అడగాలి.

"మెడ దగ్గరే," అని ఆయన అనాలి. అన్నాడు.

"ఏం మరదలా, ఎలుకలు బాగున్నాయా?"

"నీకంటే నయం. అడక్కుండానే తింటున్నాయి. ఇదిగో, ఈ వారం తలుపు కోడ్. అక్క ఎలా ఉంది?"

"నిన్న కిటికీ దాకా వచ్చింది." ఆయన చొక్కాలు సంచిలో సర్దాడు. "ఆ గోళ్లరంగు అమ్మాయి మీద కన్నేసి ఉంచు. నాకెందుకో నమ్మకం లేదు. అయినా ఆడవాళ్లే ఉండాలన్న ఈ చాదస్తమేంటి మీ మేడమ్‌కి?"

"ఆవిడ పద్ధతి," అంది పిల్లి. ఎలుకల గోల ఆయనకెందుకని అంతకంటే చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఎలుకలు కదల్లేదు. మందు పడినవి కూడా గోడల మధ్యే నక్కాయి. మేడమ్ ముఖం పాలిపోయింది.

"మందు పాడైంది," అంది స్టూల్ మీద కూలబడి.

పిల్లి చెక్క దారినే చూస్తోంది. "మరి మందు ఇవ్వనివి మేడమ్? అవీ రోజూకంటే ఎక్కువ ముడుచుకున్నాయి. కొన్నిటికి తల ఎత్తే ధైర్యం కూడా లేదు."

మేడమ్ లేచి వెళ్లి చూసింది. చాలాసేపు చూసింది. "మందు కాదు," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఈ గదిలోకి మగవాడెవడో వచ్చాడు."

కెమెరా రికార్డులో ఖాళీ వరండా తప్ప ఏమీ లేదు. తాళం చెక్కుచెదరలేదు. కెమెరాకి పాత బొమ్మనే చూపిస్తూ ఉండే డబ్బీ ఒకటి విభాగం దగ్గరే ఉందని పిల్లికి తెలుసు. వచ్చినవాడు కోడ్ కొట్టుకునే వచ్చాడు. ఆ కోడ్ తెలిసిన మగవాడు లోకంలో ఒక్కడే.

కోడ్ రాసిన కాగితం బావ చేతిలోంచి ఎవరో కొట్టేసి ఉంటారనుకుంది. ఆయన వెంట ఎవరైనా పడుతున్నారేమో అనుకుంది. అక్కకి మందు వేసే ముందు రోజు, మేడమ్ సాయంత్రం సీసాని పరీక్షించి సీల్ వేసి ఫ్రిజ్‌లో పెట్టాక, పిల్లి కోడ్ మార్చింది. మేడమ్‌కి చెప్పలేదు, అసిస్టెంట్‌కి చెప్పలేదు. లాండ్రీకి వెళ్లి బావకి చెప్పింది.

"కాగితం మీద రాయలేదు బావా. గుర్తుపెట్టుకో. ఎవ్వరికీ చెప్పకు."

"నేనెవరికి చెప్తాను," అన్నాడు బావ, ఆమె తల మీద చెయ్యి వేసి.

మర్నాడు పొద్దున్నే తలుపు పిల్లే తీసింది. మేడమ్ సీసా తీసుకుని పైఅంతస్తులోని క్లినిక్‌కి వెళ్లిపోయింది. పిల్లి మందు పడిన ఒక ఎలుకను చెక్క దారి మీద వదిలింది. అది గోడల మధ్యకు పరిగెత్తి, మూలకు చేరి, బిగుసుకుపోయింది. రెండో ఎలుకా అంతే.

ఆమె మూడో ఎలుకను తియ్యలేదు. మెట్ల వైపు పరిగెత్తింది.

క్లినిక్ గదిలో, బావ ఇంటి నుంచి ఎత్తుకొచ్చిన అక్క కళ్లు గట్టిగా మూసుకుని పడుకుని ఉంది. బావ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నర్సు దూదితో తుడిచి సూది ఆనించబోతోంది. పిల్లి తన అరచేతిని అక్క చేతి మీద పరిచేసింది.

"ఎవరైనా చెయ్యి అడ్డం పెడతారా అమ్మా? ఇంకాస్తయితే దిగేది," అంది నర్సు.

"బావా," అంది పిల్లి ఆయాసంతో. "ఆ సూది నువ్వు వేయించుకుంటావా?"

బావ నవ్వాడు. కఫ్ గుండీ విప్పి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "మరదలు అడిగితే కాదంటానా? కానివ్వండి సిస్టర్."

ఒక్క క్షణం పిల్లికి ప్రాణం లేచివచ్చింది. తప్పు చేశాను, ఈయన్ని అనుమానించాను అనుకుంది. అంతలోనే ఒకటి తట్టింది. ఎందుకు అని ఆయన అడగలేదు. ఎవరైనా మొదట అడిగే మాట అదే.

"మేడమ్, ఒక్క చుక్క ఆ గొట్టంలో పోసి చూడండి."

మేడమ్ ప్రశ్న వేయకుండా సిరంజి అందుకుని కింద ల్యాబ్‌లోకి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె సిరంజిని రెండు చేతులతో, దూరంగా పట్టుకుంది.

"ఎడమ," అంది.

బావ చొక్కా చెయ్యి ఇంకా మడిచే ఉంది. "ఉప్పునీళ్లన్నారే," అన్నాడు. మళ్లీ అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు. "పనిచేయలేదని ఆపేస్తారు, అంతే అన్నారు. ఉప్పునీళ్లే అన్నారు."

అక్క కళ్లు తెరిచింది. ఆయన చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది.

అసలు సీసా ఆయన కళ్లద్దాల డబ్బాలో, ఐసు సంచి మధ్య దొరికింది. ఆయనే తీసి ఇచ్చాడు. మొదటిసారి వెళ్లింది సీసానీ సీల్‌నీ చూసి, అలాంటిదే చేయించడానికని చెప్పాడు. మధ్యాహ్నం రైల్వే స్టేషన్‌లో ఎవరికివ్వాలో, ఏ మాట చెప్పాలో కూడా ఆయనే చెప్పాడు.

"కెమెరాలో పడ్డానా?" అని అడిగాడు పిల్లిని.

"లేదు. ఎలుకలకి నీ వాసన తగిలింది."

"సెంటు కూడా మానేశానే."

"తెలుసు బావా. ఎందుకు చేశావు?"

"రెండేళ్లు. తలుపు మూసిన ఇంట్లో రెండేళ్లు. కొత్త పేరు ఇస్తామన్నారు, కొత్త ఊరు."

"మందు వస్తే ఆ తలుపే తెరుచుకునేది కదా."

బావ తల వంచుకున్నాడు. "అది పనిచేస్తుందని నేనెప్పుడూ నమ్మలేదు."

స్టేషన్‌లో ముఠా మనుషులు దొరికారని పెద్దాయన సాయంత్రం ఫోన్ చేశాడు. భేష్ అన్నాడు.

"మీకు ముందే తెలుసా సార్?" అంది పిల్లి.

"అనుమానం ఉండేది."

"అందుకే రిపోర్టులు బావకే ఇమ్మన్నారు. అక్క పడుకున్న మంచం దాకా రానిచ్చారు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

బయటికి పోయి వచ్చిన సీసా పనికిరాదని మేడమ్ మళ్లీ మందు చేసింది. అది తయారయ్యే దాకా అక్క పిల్లి గదిలోనే ఉంది. బావ గురించి ఒక్క మాట అడగలేదు. అడగడానికి ధైర్యం చాలడం లేదని పిల్లి అనుకుంది.

మందు వేసిన రోజు, గంట గడిచాక, అక్క లేచి కూర్చుంది. కిటికీ తెరవమంది. కింద రోడ్డు మీద హారన్‌లు మోగుతున్నాయి. ఆమె ఉలిక్కిపడలేదు.

"ఇప్పుడు చెప్పు," అంది. "మొదట్నుంచీ చెప్పు. ఏదీ దాచకు."

పిల్లి చెప్పింది. లాండ్రీ, కోడ్, ఉప్పునీళ్లు, ఎడమవైపు తిరిగిన కాంతి, నమ్మలేదన్న మాట, పెద్దాయన అనుమానం, అన్నీ చెప్పింది. చెబుతుంటే ఆమె చేతులే వణికాయి. అక్క తన మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుకుని నాడి చూసుకుంటూ వింది.

"మామూలుగానే కొట్టుకుంటోందే," అంది చివరికి. "మందు పనిచేస్తోందని మేడమ్‌కి చెప్పు. మిగిలిందేమైనా ఉంటే, నువ్వో చుక్క వేయించుకో."