గాసి మోరికి కేక ఎవరేస్తారు?

ఆ ఆదివారం పొద్దున్నే ఈశ్వరమ్మ రాగి అంబలి దించి పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టింది. పెరట్లో పండిన గింజల్నే పెనం మీద మాడ్చి, రోట్లో దంచి, బెల్లం ముక్క వేసి కాస్తుందామె. ఆ నల్లటి నీళ్ళు గొంతులో పడితే గానీ గాసికి తెల్లవారినట్టుండదు. అతను అరుగు మీద కూర్చుని, ముంత చల్లారేదాకా కొండ మీద మంచు విడిపోవడం చూస్తూ ఉంటాడు. ఇంట్లో ఎవరెంత హడావుడి పడుతున్నా ఆ కూర్చోవడం మారదు.

హడావుడి మాత్రం బాగానే ఉంది. కొడుకు స్వామి లోపలి గదిలో టీవీని ఊడదీసి అరుగు మీదికి తెచ్చి, వైరు కిటికీలోంచి లాగుతున్నాడు. కూతురు చిట్టి అంగన్‌వాడీ నుంచి చాపలు తెచ్చి వాకిట్లో పరుస్తోంది. కోడలు సుజానా ఆ రోజు ముంచింగిపుట్టు చర్చికి కూడా వెళ్ళలేదు. ఒక్క ఆరాధన మానేస్తే యేసయ్య ఏమీ అనుకోడని తనకు తానే నచ్చజెప్పుకుంది. మామగారు టీవీలో కనబడే రోజు మళ్ళీ వస్తుందా మరి.

గాసి మోరి ఊదుతాడు. మోరి అంటే సన్నాయికి కొండ మీది చుట్టం అనుకోవచ్చు. పొడుగ్గా ఉంటుంది, తాటాకు పీక పెట్టి ఊదాలి, గొంతు కాస్త గరుకు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గాసి మోరి లేనిదే పెళ్ళిలో థింసా ఆటకు అడుగు పడదు. స్వామికి సొంత జీపుంది. అరకు నుంచి టూరిస్టులను తిప్పుతాడు. వాళ్ళలో ఒకాయన టీవీలో పనిచేసే మనిషి. మోరి విని ముచ్చటపడి, 'పకపకల పందిరి' అనే కార్యక్రమానికి రమ్మన్నాడు. అది జనాన్ని నవ్వించే కార్యక్రమమని తెలిసి కూడా స్వామి ఎగిరి గంతేశాడు. తండ్రిని హైదరాబాదు తీసుకెళ్ళి తీసుకొచ్చాడు.

"ఎలాగయింది?" అని ఊరంతా అడిగితే, "బాగా సరదా పడిపోనారు జనం" అన్నాడు స్వామి. గాసిని అడిగితే, "పెద్ద ఇల్లు. శానా లైట్లు" అన్నాడు. అంతకుమించి అతని నోట ఒక్క మాట రాలేదు. గాసి ఎప్పుడూ తక్కువే మాట్లాడతాడు కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు.

వాకిలి నిండిపోయింది. వచ్చే గురువారం కూతురి పెళ్ళి పెట్టుకున్న వరహాలరావు పనులన్నీ వదిలేసి అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నాడు. పక్కన పెళ్ళికూతురు భాను. డోలు వాయించే పోలయ్యకు కళ్ళు సరిగ్గా కనబడవు, టీవీకి మూరెడు దూరంలో బైఠాయించాడు.

"అదిగో, అయ్య" అంది చిట్టి.

తెర మీద గాసి తలపాగాతో, కొత్త పంచెతో, రంగురంగుల దీపాల మధ్య నిలబడి ఉన్నాడు. వాకిట్లో అందరూ చప్పట్లు కొట్టారు. గాసి మోరి పెదాలకు ఆనించాడు. ఆనించి, అలాగే నిలబడ్డాడు. ఊదలేదు. ఎదురుగా కూర్చున్న జనంలోకి చూస్తున్నాడు.

తెర మీద నవ్వు మొదలైంది. "తాతా, బ్యాటరీ అయిపోయిందా?" అన్నాడు యాంకరు. నవ్వు. "ఎవరైనా ఛార్జరు తెండమ్మా" అన్నాడు. ఇంకా నవ్వు. కెమెరా జనం వైపు తిరిగింది. ఇస్త్రీ చొక్కాల వాళ్ళు, జుట్టు విరబోసుకున్న అమ్మాయిలు, వాళ్ళ మధ్యలో స్వామి. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. 

గాసి కాసేపు అలాగే చూశాడు. తర్వాత మోరి దించి, తల పక్కకు తిప్పుకుని, తనే "హుయ్" అని కేక వేశాడు. అప్పుడు ఊదడం మొదలుపెట్టాడు. ఆ కేక విని టీవీలో జనం పడీపడీ నవ్వారు. బూరల్లా ఉబ్బిన అతని బుగ్గలు చూసి మళ్ళీ నవ్వారు. పాట సాగినంతసేపూ ఆ నవ్వు పాట మీద పడుతూనే ఉంది. 

వాకిట్లో మాత్రం చప్పుడు లేదు. ఈశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరూ లేచి, చాపల మీద దుమ్ము దులిపి బయల్దేరారు. అందరూ వెళ్ళాక వరహాలరావు తటపటాయిస్తూ ఆగాడు.

"గాసన్నా, గురువారం పెళ్ళికి నువ్వు రావాల మరి. నువ్వు రాకపోతే నాకు పెళ్ళే లేదు."

"ఒత్తాన్రా. ఎందుకు రాను?" అన్నాడు గాసి. "కేక మా సిట్టి ఏత్తాది."

అరుగు మీద వైరు చుడుతున్న స్వామి చేతులు ఆగిపోయాయి.

సుజానాకు ఇదేమీ అర్థం కాలేదు. ఆమెది కొండ కింది పాచిపెంట. ఈ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. వంటింట్లోకి వెళ్ళి అత్తను అడిగింది. "ఏటత్తా, అందరూ అలా లేసిపోనారేటి? నవ్వినందుకా?"

"నవ్వితే నవ్వనీ అమ్మా. నవ్వు మాకు కొత్తా?" ఈశ్వరమ్మ ముక్కు చీదుకుంది. "మా ఊర్లో మోరి తనంతట తాను ఊదకూడదు. ఊదీవోడి ఇంటి మనిషి ఒకరు కేకెయ్యాల. మాకు కావాల, నువ్వు ఊదు అని అడిగినట్టు. మీ మావకి ముందు ఆల అయ్య ఏసీవోడు, ఆ తరవాత తమ్ముడు. నీ మొగుడికి మీసం ఒచ్చిన కాడి నుంచి ఆడే ఏత్తన్నాడు. తన కేక తాను ఏసుకునీవోడు ఎవడో తెలుసునా? ఎనకా ముందూ ఎవలూ లేనోడు. ఇంత సంసారం పెట్టుకుని, మీ మావ అక్కడ ఎవలూ లేనోడిలాగ ఏసుకున్నాడు."

మామ టీవీలో ఎవరి కోసం చూస్తూ నిలబడ్డాడో సుజానాకు ఇప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర స్వామి ఉక్రోషం బయటపడింది. కంచంలో చెయ్యి పెట్టి కలుపుతున్నాడే గానీ ముద్ద ఎత్తడం లేదు.

"సిట్టి ఏత్తాదా? మరి నానేటయిపోనాను?"

"నీకు జీపు పనుంటాది గదా" అన్నాడు గాసి.

"పనికేటి, మానీగల్ను. ఊరందరి ముందూ నన్ను కొడుకు కాదన్నట్టు సెప్పీసినావు."

"కొడుకు కాదని నానెప్పుడన్నాను?"

"అనక్కర్లేదు. అయ్యా, ఇను. అక్కడ కెమెరా పక్కన ఒకడుంటాడు. ఆడు సెయ్యెత్తితే అందరూ నవ్వాల. కూకునే ముందే సెప్పీసినారు మాకు. నిన్ను సూసి నవ్వలేదు ఎవలూ."

"నానూ సూసినాను ఆడి సెయ్యి."

"సూసినావా? మరింకేటి?"

గాసి కంచం పక్కన పెట్టాడు. గొంతు పెంచలేదు. ఇంట్లో ఎప్పుడూ మాట్లాడే గొంతే.

"ఆడు సెయ్యెత్తినాడు, ఆళ్ళు నవ్వినారు. ఆళ్ళ పని అది. ఆళ్ళ మీద నాకేటి కోపం? ఆళ్ళు నాకేటవుతారు? నాను నీకేసి సూసినాన్రా. నువ్వు ఆడి సెయ్యికేసి సూసినావు."

స్వామి లేచి చెయ్యి కడుక్కున్నాడు. పోతూ పోతూ ఆ కోపం చెల్లెలి మీద తీర్చుకోబోయాడు.

"నీకు బాగుందా? ఏత్తావా కేక?"

చిట్టి అంగన్‌వాడీ పిల్లలందరి గోలనూ ఒక్క అరుపుతో ఆపే మనిషి. ఇప్పుడు మాత్రం మెల్లగా చెప్పింది. "అయ్య ఇచ్చినదాన్ని వొద్దనను, అన్నా. అలగని నీది లాక్కోను."

స్వామి జీపు దగ్గరికి వెళ్ళి, అవసరం లేకపోయినా బానెట్ ఎత్తి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి సుజానా వచ్చి పక్కన నిలబడింది.

"నిజం సెప్పు. సెయ్యెత్తినాడనే నవ్వినావా?"

స్వామి బట్టతో ఏదో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"కాదు" అన్నాడు చివరికి. "అయ్య నాకేసి సూత్తన్నాడు. కేకెయ్యాలని నాకూ తెలుసు. గొంతు దాకా ఒచ్చింది. పక్కనున్నోళ్ళంతా అప్పటికే నవ్వుతన్నారు. కేకేత్తే అందరూ నాకేసి తిరుగుతారు గదా. ఈడు ఆ ముసలోడి కొడుకా అనుకుంటారు. సిగ్గేసింది సుజానా. ఆడు సెయ్యెత్తీసరికి బతికిపోనాననుకుని నవ్వీసినాను."

చెప్పేసరికి వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సుజానా ఓదార్చలేదు. పెళ్ళప్పుడు తన పుట్టింటివాళ్ళు గాసిని చూసి మొహాలు తిప్పుకుంటే, వాళ్ళందరినీ నిలదీసింది ఇదే స్వామి. ఆ తెగువ చూసే కదా ఆమె చెయ్యి పట్టుకుని కొండెక్కి వచ్చింది.

"ఈ మాట నాకు కాదు, మావకి సెప్పు."

"ఏ మొగం పెట్టుకుని సెప్పమన్నావు?"

"ఉన్నది ఒకటే గదా. అదే పెట్టుకుని సెప్పు."

చెప్పడం అంత తేలికైతే ఇంకేం. సోమవారం చెబుదామనుకున్నాడు, తండ్రి మిరియాలు కోయడానికి పోయాడు. మంగళవారం తండ్రి ఇంట్లోనే ఉన్నాడు, వీడు లేని బేరం కల్పించుకుని అరకు పోయాడు. గాసి మాత్రం ఎప్పటిలాగే, "అన్నం తిన్నావా?" అని అడుగుతూనే ఉన్నాడు. అలా అడిగినప్పుడల్లా స్వామికి నాలుగు తన్నినా బాగుండేది అనిపించింది.

గురువారం వరహాలరావు ఇంటి ముందు పందిరి వేశారు. పెళ్ళికొడుకు వాళ్ళను సీలేరు దారిలోంచి ఎక్కించుకొచ్చింది స్వామి జీపే. వాళ్ళను దించేసి, జీపును దూరంగా పెట్టి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. పందిట్లోకి రాలేదు.

ఆడవాళ్ళు నడుముల వెనక చేతులు కలిపి థింసాకు వరుస కట్టారు. పోలయ్య డోలు మెడకు తగిలించుకున్నాడు. గాసి మధ్యలోకి వచ్చి, పీకను నోట్లో తడుపుకుని, మోరి పెదాలకు ఆనించాడు. చిట్టి వైపు చూశాడు.

చిట్టి తల దించుకుంది. ఒక్కసారి పందిరి అవతల జీపు వైపు చూసి, మళ్ళీ తల దించుకుంది.

గాసి అలాగే నిలబడ్డాడు. డోలు మీద పోలయ్య చేతులు లేచినవి లేచినట్టే ఉన్నాయి. వరుస కట్టిన ఆడవాళ్ళ అడుగు కదల్లేదు. పెళ్ళికొడుకు వైపు వాళ్ళు కూడా కొండ మీది వాళ్ళే, ఏమైందని ఒక్కరూ అడగలేదు. అంతమంది ఉన్న పందిట్లో ఒక్కరు కూడా నవ్వలేదు. మోరి కోసం ఆగడం వాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పని.

ఆ నిశ్శబ్దాన్ని స్వామి తట్టుకోలేకపోయాడు. టీవీ వాళ్ళ పెద్ద ఇంట్లో తండ్రి నిలబడింది కూడా ఇలాగే. అక్కడ వాడు చూడలేకపోయిన మొహం ఇక్కడ తేటగా కనబడింది. అందులో కోపం లేదు. ఉత్త ఎదురుచూపు. స్వామి జనాన్ని తోసుకుంటూ పందిట్లోకి వచ్చాడు.

"అయ్యా" అన్నాడు. అందరూ తనవైపే తిరిగారు. తిరగనీ అనుకున్నాడు. "నీ కొడుకునని తెలిసిపోద్దని నవ్వీసినానయ్యా అక్కడ. నిన్ను సూసి సిగ్గుపడ్డాను. తప్పయిపోయింది."

గాసి మోరి పెదాల మీంచి తియ్యలేదు. కొడుకు వైపే చూస్తున్నాడు.

స్వామి ఊపిరి పీల్చుకుని కేక వేశాడు. ఏడుపు అడ్డం పడి ఆ కేక సగంలోనే చీలిపోయింది. కూత నేర్చుకుంటున్న పుంజుపిల్లలా కీచుమని ఆగింది. ముందు పెళ్ళికూతురు భాను కిసుక్కున నవ్వింది. తర్వాత పోలయ్య. ఆ వెనక పందిరి పందిరంతా గొల్లున నవ్వింది. ఈశ్వరమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. స్వామి చెవులు ఎర్రబడ్డాయి గానీ పారిపోలేదు, అక్కడే నిలబడ్డాడు.

గాసి మోరి దించాడు. అతని భుజాలు అదిరాయి. చూసేవాళ్ళకు అది నవ్వో ఏడుపో ముందు తెలియలేదు. రెండూ ఉన్నట్టున్నాయి.

"ఏటిరా అది?" అన్నాడు పంచె చెంగుతో మొహం తుడుచుకుని. "పెళ్ళికి కేకంటే అలాగేనా? బేగి సరిగ్గా ఎయ్యి. ఆడగుంటలు నిలబడిపోనారు."

స్వామి గొంతు సవరించుకుని ఈసారి కడుపులోంచి కేక వేశాడు. ఆ కేక పందిరి దాటి కాఫీ తోటల మీదుగా పోయింది. మోరి అందుకుంది. డోలు అందుకుంది. ఆడవాళ్ళ వరుస కదిలింది. సుజానాకు అడుగులు ఇంకా సరిగ్గా రావు, అయినా చిట్టి ఆమెను లాక్కుపోయి వరుసలో కలిపేసింది.

వరుస మొదటి చుట్టు తిరిగేదాకా గాసి కొడుకు వైపు చూస్తూనే ఊదాడు. రెండో చుట్టుకు కళ్ళు మూసుకున్నాడు. స్వామి అక్కడ ఉన్నాడో లేదో చూసుకోవాల్సిన పని ఇంక అతనికి లేదు.