ఇంటిబండికి టోకెను

తాయమ్మ సంగటికి ఎసరు పెట్టి వాకిట్లోకి తొంగి చూసింది. మారికుప్పంలో గని కూలీల లైను ఇళ్ల సందులో సగం ఆక్రమించుకుని నిలబడి ఉంది కూతురి బండి. ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన వ్యాను అది. ఇప్పుడు అందులో నాలుగు పరుపులు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ల తొట్టి, కిటికీలకు పూల పరదాలు ఉన్నాయి. మోటర్‌హోమ్ అనడానికి నోరు తిరగక వీధిలో ఆడవాళ్లు దానికి ఇంటిబండి అని పేరు పెట్టేశారు. పేరు బాగుందని వీణ దాన్నే ముందు అద్దం మీద రాయించింది.

లోపలి నుంచి వీణ గొంతు వినిపించింది. "అమ్మా, మళ్లా మసకబారిపాయె!"

వీణకు ముప్పై రెండేళ్లు. ఆరేళ్లు బెంగళూరులో కంపెనీ బస్సు నడిపి, ఇక తన బండి తానే నడుపుకుంటానని ఇంటికొచ్చేసింది. మర్నాడే మొదటి ప్రయాణం. కోలారులో ఉండే ముగ్గురు రిటైరైన టీచరమ్మలు హంపి చూస్తామన్నారు. నాలుగు రోజులు తిండి, నిద్ర అంతా బండిలోనే. ఇంజను బంగారం. లోపలి దీపాలే ఏడిపిస్తున్నాయి. నీళ్ల పంపు వేస్తే మసకబారతాయి, కుదుపు తగిలితే మినుకుమంటాయి, బుద్ధి పుడితే మొత్తం ఆరిపోతాయి. వీణ దీపాల పట్టీలు రెండుసార్లు మార్చింది. ఫ్యూజులు మార్చింది. బ్యాటరీకి నిండా చార్జి పెట్టింది. అంబరీష్ అనే ఎలక్ట్రీషియన్ వచ్చి గంటసేపు తల గోక్కుని, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

విడ్డూరమేమిటంటే, దీపాల మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు. వీణ తండ్రి రామాంజినప్ప బంగారు గనిలో ఇరవై ఏళ్లకు పైగా ల్యాంపు రూములో పనిచేశాడు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు కొట్టిన ఇత్తడి టోకెను ఆయన చేతికిచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకునేవాడు. పైకొచ్చాక దీపం తిరిగిచ్చేవాడు. ఆయన "వచ్చినావా?" అని అడిగి, మేకుకు తగిలించి ఉంచిన టోకెను తీసి చేతిలో పెట్టేవాడు. మేకు మీద టోకెను మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నాడని అర్థం. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా వీధిలో ఎవరి స్విచ్చు పాడైనా ఈయన్నే పిలుస్తారు. అలాంటి మనిషి కూతురి బండి వచ్చిన నెల రోజుల్లో ఒక్కసారి కూడా దాని మెట్టు ఎక్కలేదు. దీపాల మాట ఎత్తితే చాలు, చొక్కా తగిలించుకుని బయటికి నడిచేవాడు.

సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి వడ్డించి తాయమ్మే కదిపింది. "ఒక తూరి చూడయ్యా ఆ లైట్లు. రేపు పొయ్యే పిల్ల."

రామాంజినప్ప తల ఎత్తలేదు. "రేపు వద్దని చెప్పమను ఆ టీచరమ్మలకి."

"ఏం?" వీణ కంచం పక్కకు జరిపింది.

"వద్దంటే వద్దు. ఆ బండి పోకూడదు."

నెల రోజులుగా మింగుకున్నదంతా వీణ గొంతులోకి వచ్చేసింది. "ఊళ్లో అందరి ఇండ్లలో లైట్లు చూస్తావు. నా బండి కాడికొచ్చేసరికి నీ కాళ్లు రావు. ఆడపిల్ల బండి తోలేది నీకు నామోషీ అయితే అది చెప్పప్పా! నా మొగం చూసి చెప్పు!"

"నామోషీ యాడిదే!" అని అరిచాడు రామాంజినప్ప. చేతిలోని సంగటి ముద్ద కంచంలో పడిపోయింది. ఆయన కళ్లు తలుపు పక్కనున్న మేకు మీదికి వెళ్లాయి. ముప్పై ఏళ్లుగా ఆ మేకుకు ఒక ఇత్తడి టోకెను వేలాడుతోంది. అది తాయమ్మ తమ్ముడు బచ్చప్పది. వీణకు రెండేళ్లప్పుడు అతను గనిలోనే పోయాడు. ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

"ఆ పొద్దు మొదటి షిఫ్టు," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "బచ్చప్ప దీపం తీసుకొని, 'బావా, ఇది మినుకుమంటా ఉండాది' అనె. ఎనకాల లైను పొడుగ్గా ఉండాది. నేను వైరు పట్టుకొని రెండు తూర్లు ఊపితిని. వెలిగె. 'సరిపోయె, పో' అంటిని."

వీణ లేచి ఆయన పక్కకొచ్చి కూర్చుంది.

"లోపల ఒత్తిడికి రాయి పేలి కూలింది. వానితో కూడా ఉన్నోళ్లంతా పైకొచ్చినారు. వాడు రాలా. రాయి పడి పోయినాడని కాగితంలో రాసినారు. దీపం ఆరిపోయి దారి తెలీక నిలబడిపోయినాడో ఏమో, నాకు తెలీదు. నీ బండిలో లైటు మినుకుమన్నప్పుడల్లా వాని గొంతే వినపడతాది. మళ్లా ఈ చేత్తోనే సరిచేసి, నిన్ను 'పో' అని ఎట్ల అనేది పాపా?"

తాయమ్మకు కూడా ఈ మాట కొత్తే. గరిటె కింద పెట్టింది. తర్వాత నేల మీద చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడి కోసం ఏడ్చిందో, ఇన్నేళ్లూ ఈ బరువు ఒక్కడే మోసిన మొగుడి కోసం ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. ఆయన ఆమె ముఖంలోకి చూడలేక కంచంలోకే చూస్తున్నాడు.

చివరికి ఆమె ముక్కు తుడుచుకుంది. "వాణ్ని పైకి తెచ్చినప్పుడు నేనూ చూసినానయ్యా. రొమ్మంతా రాయి నలిపేసి ఉండె. దీపం ఉంటే తప్పించుకొని ఉండునో లేదో నాకూ తెలీదు. తెలీనిదానికి ముప్పై ఏండ్లు నిన్ను నువ్వు కొట్టుకుంటివి, చాలు." లేచి, సొరుగులోంచి ఆయన టెస్టరు, స్పానరు తెచ్చి ముందు పెట్టింది. "వాకిట్లో ఇంగొక దీపం మినుకుమంటా ఉండాది. ఈ తూరి ఊపి విడిచిపెట్టొద్దు. మొత్తం చూడు."

రామాంజినప్ప చెయ్యి కడుక్కుని, చెప్పులు బయట విడిచి, ఇంటిబండి మెట్టు ఎక్కాడు. వీణ పరదాలు మూసి దీపాలు వేసింది. ఆయన దీపాల వంక చూడనే లేదు. "బ్యాటరీ యాడుండాది?" అన్నాడు.

"సీటు కింద. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చు అన్నీ చూసినానప్పా."

"అవన్నీ కరెంటు పొయ్యే దారి. అది అందరూ చూస్తారు. పోయింది తిరిగి రావల్ల కదా? వచ్చే దారి చూసినావా?"

వీణ తల అడ్డంగా ఊపింది. ఆయన ఒక పొడుగాటి వైరు అడిగి తీసుకుని, ఒక కొస బ్యాటరీ మైనసుకు, ఇంకో కొస దీపం మైనసుకు పట్టుకున్నాడు. "పంపు వెయ్యి." పంపు గుర్రుమంది. దీపం చెక్కుచెదరలేదు. వైరు తీశాడు. మసకబారింది.

"దొరికె," అన్నాడు.

దొరికింది మెట్టు పక్కన, నేలలో బిగించిన ఎర్తు బోల్టు దగ్గర. దీపాల నుంచి వెనక్కి వచ్చే వైరు అక్కడే బండి ఇనుముకు తగలాలి. కానీ ఇనుము మీద మందంగా ఆకుపచ్చ పెయింటు ఉంది. వైరు దాని పైన కూర్చుంది, పెయింటు కరెంటును దాటనివ్వడం లేదు.

వీణ నాలుక కరుచుకుంది. "తుప్పు పట్టకూడదని నేనే రెండు తూర్లు కొట్టినానప్పా. బోల్టు తీసి, మళ్లా దాని మిందే బిగించినాను."

"మీ అమ్మ కూతురివి కదా. ఏం చేసినా దండిగా చేస్తావు," అన్నాడు రామాంజినప్ప. ఆ నెల రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

బ్యాటరీ వైరు విప్పి, గరుకు ఉప్పుకాగితంతో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, బోల్టు బిగించాడు. మళ్లీ విప్పి చూసి, మళ్లీ బిగించాడు. పంపు వేసినా దీపాలు నిలకడగా వెలిగాయి. అంతటితో ఆయన ఊరుకోలేదు. తాయమ్మను పిలిచి బండి మధ్యలో దబదబా గెంతమన్నాడు. మోకాళ్ల నొప్పులని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. తర్వాత వీణ చేత గని వ్యర్థాలు పోసిన సైనైడు దిబ్బ పక్కనున్న గుంతల దారిలో మూడు చుట్లు నడిపించి, తాను వెనక కూర్చుని దీపాల వైపు రెప్ప వేయకుండా చూశాడు.

మర్నాడు పొద్దున బండి బయలుదేరే ముందు ఆయన తన టార్చి తెచ్చి వీణ చేతిలో పెట్టాడు. "పో" అనే మాట నోటికి రాలేదు.

వీణకు అర్థమైంది. బండి రెండో తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "దీపం తీసుకున్నాను కదప్పా. ఇదో, నా టోకెను."

రామాంజినప్ప దాన్ని బచ్చప్ప టోకెను పక్కన, అదే మేకుకు తగిలించాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నుంచే ఆయన అరుగు మీద ఉన్నాడు. తాయమ్మ రెండుసార్లు కాఫీ తెచ్చి, రెండుసార్లూ చల్లారిపోయిన కాఫీ వెనక్కి తీసుకుపోయింది. పొద్దు వాలే వేళకు సందు మొదట్లో హారను మోగింది. ఇంటిబండి కిటికీల వెనక దీపాలు నిండుగా వెలుగుతున్నాయి.

వీణ దిగి వచ్చి టార్చి ఆయన ముందుకు చాపింది. ఆయన అందుకుని, అలవాటుగా ఒకసారి వెలిగించి చూశాడు. లోపలికి పోయి మేకుకున్న తాళంచెవి తీసుకుని గడప దగ్గరికి వచ్చాడు.

"వచ్చినావా?" అన్నాడు.

"వచ్చినానప్పా."

తాళంచెవి కూతురి అరచేతిలో పెట్టి, ఆ చేతిని అలాగే పట్టుకుని, రామాంజినప్ప ముప్పై ఏళ్ల ఏడుపు ఆ గడపలోనే ఏడ్చేశాడు.