ఊడిన వైరు

పొద్దుటి నుంచి వాన తెరిపివ్వలేదు. సింగపూర్‌లోని బెడోక్‌లో తన ఫ్లాట్‌నే ఆఫీసు చేసుకున్న ప్రైవేట్ డిటెక్టివ్ దశరథరామయ్య దగ్గరికి తడిసిన బట్టలతో ఒక మనిషి వచ్చాడు. పేరు నూకరాజు. ఊరు శ్రీకాకుళం వైపు. ఆంగ్ మో కియోలో ఒక కార్ల వర్క్‌షాప్‌లో మెకానిక్.

"ఆ అమ్మని నానే సంపేసినానో, కాదో సెప్పండి బాబూ. అదొక్కటి తెలిస్తే సాలు," అన్నాడు.

అసిస్టెంట్ అలేఖ్య రాస్తున్నది ఆపేసింది. వర్క్ పర్మిట్ పోతుందని ఏడుస్తూ వచ్చినవాళ్లను ఆమె చాలామందిని చూసింది. ఇలా అడిగినవాణ్ణి మాత్రం చూడలేదు.

సంగతి ఇది. వన్-నార్త్‌లో రీసెర్చ్ చేసే నవనీత్‌కు పాత స్పోర్ట్స్ కారు ఒకటుంది. దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసి మాన్యువల్ గేర్‌బాక్స్ బిగించింది నూకరాజే. నాలుగు రోజుల క్రితం ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల గొట్టం పగిలి, ఇంజన్ కాగి పట్టేసి, కారు ఉన్నపళంగా ఆగిపోయింది. వెనక నుంచి లారీ గుద్దింది. నవనీత్ భార్య అమూల్య అక్కడికక్కడే పోయింది. టెంపరేచర్ ముల్లు అసలు లేవలేదని నవనీత్ చెప్పాడు. బీమా మనిషి చూస్తే ఇంజన్ మీద ఒక సెన్సర్ వైరు ఊడి ఉంది. మెకానిక్ మరిచిపోయాడని అందరూ తేల్చేశారు. యాక్సిడెంట్ రోజు నుంచే నూకరాజును షాపులోకి రానివ్వడం లేదు.

"మరిచిపోయావా?" అడిగాడు దశరథరామయ్య.

"నేదనే గుర్తు. కానీ అదే తలుసుకుంటా ఉంటే, మరిసినానేమో అనిపిస్తంది."

మధ్యాహ్నం వర్క్‌షాప్ యజమాని మధుసూదనరావు, షాపుకు లాక్కొచ్చి ఉంచిన ఆ కారు బానెట్ ఎత్తి చూపించాడు. అలేఖ్య టార్చి వేసింది.

"మూడు సెన్సర్లున్నాయి అంకుల్. ఒకదానికి ఒకటే వైరు, రెండోదానికి రెండు వైర్లు. ఊడింది మూడోది. అన్నిటిమీదా పచ్చటి మరక, దీని పిన్నులు మాత్రం మెరుస్తున్నాయి."

దశరథరామయ్య తలూపి యజమాని వైపు తిరిగాడు. "కారును ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరూ ముట్టుకోలేదు లా," అన్నాడు మధుసూదనరావు సింగపూర్ యాసలో. "నాకు ఇంజన్ సంగతే తెలీదు సార్, నాది వ్యాపారం. యాక్సిడెంట్ మర్నాడు నవనీత్ వచ్చాడు, భార్య హ్యాండ్‌బ్యాగ్ కోసం. పక్కన నిలబడి చూడటం బాగోదని తాళమిచ్చి నేను మకాన్‌కి, అదే భోజనానికి, వెళ్లాను."

మర్నాడు సాయంత్రం దశరథరామయ్య అక్కడికే అందరినీ పిలిపించాడు. చేతికి కట్టుతో నవనీత్ వచ్చాడు. అమూల్య తల్లి తారాదేవి అతని పక్కనే నిలబడింది. నూకరాజు గోడ దగ్గరే ఉండిపోయాడు.

"గొట్టం పగిలి అందులోని కూలెంట్, ఆ పచ్చటి నీళ్లు, ఇంజనంతా చిమ్మింది. ఎండి మరక కట్టింది," అన్నాడు దశరథరామయ్య. "ఊడిన సెన్సర్ పిన్నుల మీద చుక్క కూడా పడలేదు. అంటే అప్పటికి వైరు బిగించే ఉంది. తర్వాతే ఎవరో లాగారు. నూకరాజు లోపలికి రాలేదు. వచ్చినా ఇది లాగడు."

"ఎందుకని?" అన్నాడు మధుసూదనరావు.

"ఒంటి వైరుది ముల్లుకు. రెండోది ఇంజన్ కంప్యూటర్‌కు. ఇది తీసేసిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ది, ఇప్పుడు దేనికీ పనికిరాదు. వైరు వేలాడితే మనసొప్పక నూకరాజు దాన్ని తొడిగి ఉంచాడు. ఇది ఊడినా ముల్లు మామూలుగానే లేస్తుంది. ఆ తేడా తెలియనివాడే చేతికందింది లాగాడు. హ్యాండ్‌బ్యాగ్ కోసం వచ్చి కారు దగ్గర ఒంటరిగా ఉన్నది నువ్వే. ముల్లు లేవడం నువ్వు చూశావు నవనీత్, అయినా కారు ఆపలేదు."

నవనీత్ తారాదేవి పక్క నుంచి ఒక అడుగు దూరం జరిగాడు.

"పది నిమిషాల్లో ఇల్లు అంకుల్. వెళ్లిపోతాం అనుకున్నాను. నావల్లే అని అత్తయ్యకు ఎలా చెప్పను?"

తారాదేవి మెల్లగా అడిగింది. "మా అమ్మాయి ఆపమనలేదా బాబూ?"

"అంది."

"ఎన్నిసార్లు?"

"అడుగుతూనే ఉంది అత్తయ్యా."

ఇన్ని రోజులుగా వినాలనుకున్న మాట విన్నా నూకరాజుకు సంతోషం రాలేదు. ఆ తల్లికి కుర్చీ తెచ్చి వేశాడు.