గంట నాలుక దొంగ

కుంభగిరి రాజ్యం వాన మొహం చూసి చాలాకాలమైంది. మబ్బులు రాకపోలేదు. వచ్చేవి, తొంగిచూసేవి, ఉత్తరం కొండలవైపు పారిపోయేవి. దిక్కుతోచని ధీరవర్మ మహారాజు, వాన కురిసేదాకా కొండదేవర గుడిగంట మోగుతూనే ఉండాలని ఆజ్ఞాపించాడు. ఆ గంటకున్న పెద్ద ఇనప నాలుకను పూర్వం ఎవరో వర్తకుడు కానుకగా ఇచ్చాడట. దాని మోతకు పొరుగూళ్లు కూడా దద్దరిల్లేవి.

గంట కొట్టేవాడి పేరు పోలప్ప. అతని కూతురు పైడి, జొన్నచేలో మంచె ఎక్కి తప్పెట కొట్టి పిట్టలను తోలేది. ప్రతిదానికీ ‘ఎందుకు?’ అని అడిగి తండ్రి ప్రాణం తీసేది.

ఒక ఉదయం పైడి గుడి ఊడుస్తుంటే లోపలినుంచి దేవర గొంతు వినిపించింది.

“పైడీ! గంట నాలుక ఊడదీసి ఉత్తరపు గుహకు పట్టుకుపో. దారిలో ఎవరడిగినా ఇవ్వకు.”

“ఎందుకు సామీ?”

జవాబు రాలేదు. దేవుడికి కూడా ఆ పిల్ల ప్రశ్నలంటే భయమేమో!

నాలుక ఊడదీసేసరికి ఊరంతా మీదపడింది. “దేవుడి సొత్తే కాజేస్తావా!” అని తిట్టిపోశారు.

“దేవరే తీయమన్నాడయ్యా,” అంది పైడి తండ్రితో.

“ఇన్నేళ్లు గంట కొట్టిన నాతో పలకనోడు నీతో పలికాడంటే ఎవరు నమ్ముతారు?” అన్నాడు పోలప్ప. ఆ మాటకు పైడి మనసు చివుక్కుమంది. అంతలో రాజభటులు వస్తున్నారని కేక వినబడింది. ఆమె ఇనుమును భుజాన వేసుకుని అడవిలోకి పరుగెత్తింది.

అడవిలో ఒక జడల ముని ఎదురయ్యాడు. “బిడ్డా, అది నాకివ్వు. నువ్వు దొంగవు కావని నేనే వచ్చి ఊరికి చెబుతాను.”

ఆ మాట కోసమే పైడి ప్రాణం కొట్టుకుంటోంది. అయినా తల అడ్డంగా ఊపింది. ‘అంత కావాలంటే లాక్కోవచ్చుగా?’ అనుకుంటూ ముందుకు నడిచింది.

ఏటి ఒడ్డున పెద్దపులి గాండ్రించింది. “ఇస్తావా, చస్తావా?” పైడి ఇనుమును అడ్డం పెట్టింది. పులి మీదికి దూకబోయి, దాన్ని తాకకుండా పక్కకు తప్పుకుంది. ‘ఇదీ అడుగుతుందే గాని ముట్టదు!’ పైడికి భయంకన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది.

గుహ ముందు అగ్గికేశుడనే రాక్షసుడు నిలబడి ఉన్నాడు. వాడి జుట్టంతా మంటలే. వాడి వెనక గుహలో మబ్బులు మందలా ముడుచుకుని ఉన్నాయి. వాడు అరచెయ్యి చాపాడు. అందులో, ఆమెకు బదులు చెరసాలలో పడ్డ పోలప్ప కనిపించాడు.

“అది ఇచ్చెయ్. మీ అయ్యను విడిపిస్తాను.”

పైడి వెక్కివెక్కి ఏడ్చింది. “మా అయ్యంటే నాకు ప్రాణం. కానీ ఇది నాదైతే కదా ఇవ్వడానికి! అడగడమే గాని ముట్టని ఆ ముని, ఆ పులి కూడా నువ్వేగా? నువ్వే ఎందుకు లాక్కోవు?”

రాక్షసుడికి ఒళ్లు మండింది. “వర్తకుడి వేషంలో దాన్ని దేవుడికిచ్చింది నేనే! ఇచ్చిన కానుక నా అంతట నేను లాక్కుంటే భస్మమైపోతాను. దాని మోతకు బెదిరి మబ్బులన్నీ నా గుహలో పడుతున్నాయి. మీ రాజు నాకు భలే సాయం చేశాడు! నువ్వు ఇచ్చేస్తే దాన్ని మళ్లీ ఆ గంటకే కట్టిస్తాను!”

పైడికి తన చేను గుర్తొచ్చింది. పిట్టలు తప్పెట మోగినవైపునుంచి అవతలికే ఎగురుతాయి. ఆమె రాక్షసుడి పక్కనుంచి దూరి, గుహ చివరిదాకా పరుగెత్తి, ఇనుముతో బండను ఫెళ్లున మోదింది. మబ్బులు ఒక్కపెట్టున బయటికి ఉరికాయి. వాటి నీటికి అగ్గికేశుడి మంటలు చుయ్యిమని ఆరిపోయాయి. వాడు బూడిదై ఏటిలో కొట్టుకుపోయాడు.

పైడి తడుస్తూ కుంభగిరి చేరింది. భటులు ఆమెను పట్టుకున్నారు. “దొంగపిల్ల ఊరు విడిచింది, వాన పడింది!” అన్నారు జనం. పైడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రాజు ఎదుట జరిగిందంతా చెప్పి, “మహారాజా, దీన్ని మళ్లీ గంటకు కట్టించి ఒక్క దెబ్బ కొట్టించండి,” అంది.

సంకెళ్లతోనే వచ్చి పోలప్ప గంట కొట్టాడు. వాన టక్కున ఆగింది. మబ్బులు కొండలవైపు తిరిగాయి.

“ఆపండి!” రాజు కేక పెట్టాడు. “ఇన్నాళ్లూ వానను తరిమింది నేనా!”

అందరూ బిక్కుబిక్కుమంటూ ఆకాశంవైపు చూశారు. కాసేపటికి మబ్బులు మళ్లీ వచ్చాయి. సంతానం లేని రాజు సిగ్గుతో తలవంచి, పైడిని తన వారసురాలిగా ప్రకటించాడు. మబ్బులు బెదరకుండా గంటకు చింతకర్ర నాలుక కట్టించాడు.

సంకెళ్లు తీయగానే పోలప్ప కూతురిని దగ్గరికి తీసుకున్నాడు. “నీ మాట నమ్మలేదు తల్లీ. దేవర నిన్నే ఎందుకు పిలిచాడో ఇప్పుడర్థమైంది.”

“ఎందుకయ్యా?”

“నాకు గంట కొట్టడమే వచ్చు. పిట్టల్ని తోలడం నీకే కదా తెలిసింది!”