మేడ్చల్‌లో దిగి, శామీర్‌పేటలో ఎక్కి

కిటికీలోంచి భానుతేజ రుమాలు, ఆమని టిఫిన్ సంచి ఒకే సీటు మీద పడ్డాయి.

మేడ్చల్‌లో శామీర్‌పేట బస్సు ఆగీ ఆగకముందే జరిగిన పని ఇది. ఇద్దరూ జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చేసరికి రుమాలు సంచి కింద నలుగుతోంది.

"నా రుమాలు ముందు పడిందండీ," అన్నాడు భానుతేజ.

"పడ్డది సరే. పైన ఏం రాసుందో సదువుండ్రి."

'స్త్రీలకు' అని ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. లాక్కున్న రుమాలు నిండా పప్పుచారు.

"ఉతికిస్త తియ్యి," అంది ఆమని నవ్వాపుకుంటూ.

అది జూన్‌లో మాట. రుమాలు మర్నాడే ఇచ్చేసింది కానీ మాటలు ఆగలేదు. ఆమె సూరారం నుంచి, అతను గాజులరామారం నుంచి వేరు వేరు బస్సుల్లో మేడ్చల్ వచ్చేవారు. అక్కడ మారి శామీర్‌పేట, మళ్లీ మారి తుర్కపల్లి. పక్కపక్క ల్యాబుల్లో ఉద్యోగాలు. మారిన ప్రతిచోటా పావుగంట ఎదురుచూపు, వాన పడితే అరగంట. ఆ అరగంట కోసం ఆమని రోజూ మబ్బుల వైపు ఆశగా చూసేది.

"మీకు కంపెనీ క్యాబ్ లేదాండీ?" అని అతను ఒకసారి అడిగాడు.

"మా కంపెనీ శాన పిసినారిది. మీకో?"

"మాది ఇంకా పిసినారిది."

నిజానికి రుమాలు గొడవైన వారానికే కంపెనీ క్యాబ్ పెట్టింది; ఏడున్నరకల్లా అది ఆమని ఇంటి ముందుకే వస్తుంది. అది వచ్చేలోపే ఆమె బస్సెక్కి పారిపోతుంది.

ఆగస్టులో ఆఫీసు వాళ్లు ఇంటికి ఫోన్ చేశారు.

"ఏందే ఇది?" అన్నాడు ఆమని బాపు. "ఏసీ బండి ఇంటి ముంగటికొస్తే మూడు బస్సులెక్కుడేంది?"

"క్యాబ్‌ల వాంతులైతయి బాపూ."

"శ్రీశైలం ఘాట్ల కాలేదు గని సాఫు రోడ్డు మీద అయితయా? సోమవారం కెళ్లి క్యాబే. నేనే నిలవడి ఎక్కిస్త."

శనివారం శామీర్‌పేట స్టాపులో ఆమని టిఫిన్ సంచి పట్టీని వేలికి చుట్టి విప్పుతూ నిలబడింది. ఇవాళ చెప్పకపోతే ఈ మనిషితో ఇలా నిలబడి మాట్లాడే పొద్దు ఇక రాదు. రాత్రి బట్టీపట్టిన మూడు వాక్యాల్లో రెండు అప్పుడే మరిచిపోయింది. భానుతేజ కూడా ఎందుకో పరీక్ష తప్పినవాడిలా నిలబడ్డాడు.

"సోమవారం నుంచి నేను..." ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టి ఆగిపోయారు.

"మీరు చెప్పండి."

"ఊహూ, మీరే చెప్పుండ్రి."

అంతలో ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. గడ్డం నెరిసిన డ్రైవర్ చేతిలో కాగితంతో దిగి, వాళ్ల మెడల్లోని ల్యాబ్ కార్డుల్ని తొంగి చూశాడు.

"ఆమని, సూరారం. మీరే గదా మేడం? భానుతేజ, గాజులరామారం. సార్, మీరే! రెండు కంపెనీలకు ఒకటే బండి, సవారీలు మీరిద్దరే. నా పేరు వహాబ్. రెండు నెలల సంది మీ ఇండ్ల ముంగట హారన్ కొట్టి కొట్టి గల్లీ కుక్కలన్నీ దోస్తులైనయి! గీడ దొరుకుతరని చాయ్ హోటలాయన జెప్పిండు."

ఆమని మెల్లగా భానుతేజ వైపు తిరిగింది. "పిసినారి కంపెనీ అంటిరి?"

"మీరూ అన్నారు కదండీ!"

"నా సంగతి తర్వాత. మీరెందుకు ఎక్కలే?"

అతను నేల వైపు చూశాడు, కారు వైపు చూశాడు, వహాబ్ వైపు కూడా చూశాడు. "క్యాబ్‌లో మీరుండరనుకున్నానండీ."

స్టాపులో కూరగాయలమ్మే బుచ్చమ్మ గంప కింద పెట్టి మరీ వినసాగింది.

"యా అల్లా!" వహాబ్ నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్కదినం ఎక్కినా పక్కపక్కకే కూసుంటుంటిరి! ఇగ జల్దీ ఎక్కుండ్రి."

అప్పుడే తుర్కపల్లి బస్సు వచ్చింది. ఆమని కదిలింది, బస్సు వైపు.

"సోమవారం పక్కా ఎక్కుతం వహాబ్ భాయ్. ఇయ్యాల ఈయనకు ఒక జవాబు చెప్పేదున్నది. మీ బండిల ఎట్ల జెప్తా? మీరు వింటరు."

"నేను చెవులు మూసుకుంట బిడ్డా!"

"మరి స్టీరింగ్ ఎవరు పడ్తరు?"

బస్సులో సీటు లేదు. ఇద్దరూ ఒకే కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. జవాబు వినడానికి భానుతేజ తల వంచాడు. ఆమని నోరు తెరిచింది.

వెనకాలే వస్తున్న ఖాళీ క్యాబ్ గట్టిగా హారన్ కొట్టింది.

"ఏమన్నారు? వినబడలేదండీ!"

"నేను గూడ గందుకే ఎక్కలే అంటున్న!" అని అరిచింది ఆమని. బస్సంతా వినబడింది.