జేబులో వెళ్ళిపోయిన రిలే

హోటల్ లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి లోపల డ్రైవర్ శవమై ఉన్నాడు. అంబులెన్సు అతన్ని తీసుకుపోయిన మరుక్షణమే ట్రాన్స్‌మిటర్‌లో చీఫ్ గొంతు పలికింది. వింటున్న గూఢచారి చూడటానికి అచ్చం ఏదో ఆఫీసులో ఫైళ్ళు సర్దేవాడిలా ఉంటాడు గనుక సంస్థలో అందరికీ అతను గుమాస్తాయే.

"గుమాస్తా, మన డ్రైవర్ పోయాడు, ఇక కారు నువ్వే నడపాలి. ఆ పరదేశపు ముఠా విషవాయువుకి విరుగుడు తెలిసింది ఈ హోటల్లో మనం దాచిన ముసలాయన ఒక్కరికే. ఆయన దక్కకపోతే ఊళ్ళకి ఊళ్ళే పోతాయి."

"గేటు సంగతేంటి సర్?"

"ఆ హోటల్లో పాడే గాయని చూసుకుంటుంది. మన ఏజెంటే."

బేస్‌మెంట్ పార్కింగ్‌లో గాయని ఎదురొచ్చింది. ఆకుపచ్చ కోటు, తెల్లని గ్లోవ్స్, చూపు తిప్పుకోనివ్వని అందం.

"బయటికెళ్ళేవన్నీ ఇలాంటి తెల్ల టాక్సీలే గుమాస్తాగారూ. మీదేదో కాపలావాడికి తెలియాలిగా? రెండుసార్లు హారన్ కొట్టండి. నేనక్కడే ఉంటా."

ఆమె మడమల చప్పుడు దూరమైంది. గుమాస్తా తాళం తిప్పాడు. సెల్ఫ్ బలంగానే తిరిగింది. ఇంజను మాత్రం అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. అదే తంతు. చెమటకు తాళం వేళ్ళలో జారుతోంది. పై అంతస్తులో ఎవరివో బూట్లు గదిగదికీ పరుగెడుతున్నాయి.

"కదలదేం బాబూ?" వెనక సీట్లో ముడుచుకున్న వృద్ధ శాస్త్రవేత్త గొణిగాడు.

"బ్యాటరీ బాగానే ఉంది మాస్టారూ. మీ సీటు కింద పెట్రోలు పంపుంది. తాళం తిప్పగానే గుయ్‌మనాలి. వినబడుతోందా?"

"నా గుండె తప్ప ఇంకేం వినబడట్లేదు నాయనా. దాన్నేమైనా తగిలించుకుంటావా?"

పంపుకు కరెంటు అందడం లేదన్నమాట. బానెట్ ఎత్తి ఫ్యూజుల పెట్టె మూత తీశాడు. ఒక గడి ఖాళీ. పోయిన డ్రైవర్‌కు ఒక అలవాటు ఉండేది: బండి ఎక్కడ ఆపినా, ఎవరూ ఎత్తుకుపోకుండా, పంపుకు కరెంటునిచ్చే రిలేను ఊడబీకి జేబులో వేసుకునేవాడు. అగ్గిపెట్టె కన్నా చిన్న ముక్క. ఆ జేబు ఇప్పుడు అంబులెన్సులో పోతోంది.

బూట్లు మెట్లు దిగుతున్నాయి. గుమాస్తా పక్క గడిలోంచి అదే కొలత రిలేను పీకి, ఖాళీ గడిలో గుచ్చాడు. సీటు కింద గుయ్‌మంది. ఇంజను అందుకుంది.

గేటు వచ్చింది. ముందున్న టాక్సీ కోసం అడ్డుకర్ర లేచింది. గుమాస్తా హారన్ నొక్కాడు. పలకలేదు. మళ్ళీ నొక్కాడు. తాను పీకింది హారన్ రిలేనని అప్పుడు గాని స్ఫురించలేదు.

సంజాయిషీ చెప్పుకొనేవాడిలా, గేటు పక్కన నిలబడ్డ గాయని వైపు చూశాడు. ఆమె రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఉంది.

కారు హారన్‌కు ఎవరూ అంతలా చెవులు మూసుకోరు. అతని చూపు ఎదుటి మేడ మీదికి పాకింది. కిటికీలో సన్నని తుపాకి గొట్టం, రెండు హారన్ల గుర్తు అందక, ఏ తెల్లకారో తేలక, అటూ ఇటూ వెతుక్కుంటోంది.

"తల దించండి మాస్టారూ."

దిగుతున్న అడ్డుకర్ర కింద నుంచి, ముందు టాక్సీ తోక పట్టుకున్నట్టు కారు దూసుకుపోయింది. గాయని చెవుల మీది చేయి తీసి ఇటు చూపేసరికి మలుపు వచ్చేసింది. తూటాకు వెనక దీపం మాత్రమే దక్కింది.

గుమాస్తా జరిగింది ట్రాన్స్‌మిటర్‌లో చెప్పేశాడు. వంతెన దాటాక చీఫ్ గొంతు వినిపించింది. "ఆవిణ్ణి పట్టుకున్నాం. ఇందాక మన ఏజెంటే అన్నాను కదా, ఆ మాట రికార్డులో వద్దులే. కారుకేమైనా రిపేరుందా?"

"వెనక దీపం మార్పించండి సర్. హారన్ జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వకండి."