పెట్రోల్ మూత మీద ఏం రాసుంది?

తాముండే రిక్కార్టన్ పేటలోని పెట్రోల్ బంకులో కారు ఆపి, విన్సెంట్ పెట్రోల్ మూత తెరిచాడు. తెరిచి, అలాగే నిలబడిపోయాడు.

కారు కొని వారం కూడా కాలేదు. వెండి రంగు బుల్లి కారు. జపాన్‌లో ఎవరో వాడి అమ్మేస్తే, ఓడెక్కి న్యూజీలాండ్ వచ్చింది. స్టార్ట్ చేయగానే లోపలి నుంచి ఒకావిడ గొంతు జపనీస్‌లో ఏదో అంటుంది. ఏమంటుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా పలకరించినప్పుడు ఊరుకోవడం మర్యాద కాదని విన్సెంట్ రోజూ ఆ గొంతుకు "వందనాలమ్మా" అని జవాబు చెప్తాడు.

ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, పెట్రోల్ మూత వెనక అంటించిన స్టిక్కర్ కూడా జపనీస్‌లోనే ఉంది. బంకులో పెట్రోల్ రెండు రకాలు. ఒకటి 91, అంటే మామూలుది. రెండోది 95, అంటే ప్రీమియం. దాని ధర ఎక్కువ. ఈ కారుకు ఏది పోయాలో ఆ స్టిక్కరే చెప్పాలి.

"ఫేబీ, ఇలా రామ్మా. స్కూల్లో జపనీస్ నేర్చుకుంటున్నావు కదా. ఇదేం రాశారో చదివి పెట్టు," అన్నాడు విన్సెంట్.

ఫేబీకి పదేళ్లు. జపనీస్‌లో మూడు రకాల అక్షరాలుంటాయి. ఫేబీకి వచ్చింది మొదటి రకం, అదీ సగమే. కానీ ఇంట్లో చెప్పింది వేరు. జపనీస్ అంతా వచ్చేసిందని, ఇంక నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదని ముందురోజే భోజనాల దగ్గర గొప్పలు పోయింది.

ఫేబీ వంగి స్టిక్కర్ చూసింది. ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయింది. నాన్న పక్కనే నిలబడి ఎదురు చూస్తున్నాడు. తమ్ముడు ఈతన్ కారు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఫేబీకి తన క్లాసులోని షాలీన్ మాటలు గుర్తొచ్చాయి. మంచి కార్లు ప్రీమియం తప్ప ఇంకోటి ముట్టవని, వాళ్ల కారు అలాంటిదేనని షాలీన్ రోజూ చెప్తుంది.

"ప్రీమియం అని రాసుంది నాన్నా," అంది ఫేబీ.

విన్సెంట్ ముఖం చేటంతయింది. ఫోన్‌లో వెతికితే నిమిషంలో తెలిసే సంగతే. కానీ జపనీస్ చదివే కూతురు పక్కనే ఉండగా ఫోన్‌ను అడగడం ఆయనకు చిన్నతనంగా తోచింది. ట్యాంకు నిండా ప్రీమియం పోయించాడు.

ఆదివారం చర్చిలో ఆయన నోరు ఆగలేదు. మా అమ్మాయి జపనీస్ గడగడా చదివేస్తుందని కనబడిన వాళ్లందరికీ చెప్పాడు. వాళ్ల చర్చికి వచ్చే తెలుగు వాళ్లలో సగం మందివి జపాన్ నుంచి వచ్చిన కార్లే. ఆరాధన అయ్యాక అంకుల్స్ అందరూ టీ కప్పులు పట్టుకుని పార్కింగ్‌లోకి వచ్చేశారు. వరసగా పెట్రోల్ మూతలు తెరుచుకున్నాయి.

ఫేబీ నాన్న వైపు చూసింది. ఇప్పుడు రాదంటే నాన్న పరువేం కావాలి? ఒక్కో కారు దగ్గర వంగి చూసి, బాగా ఆలోచించినట్టు ముఖం పెట్టి, అన్నిటికీ ప్రీమియమే అని చెప్పేసింది. ఆంటీలు ఆమె బుగ్గలు పుణికారు. నిరుపమ ఆంటీ అయితే వీలు చూసుకుని తన జపాన్ రైస్ కుక్కర్ కూడా తెస్తానంది. ఆ మాట వినగానే ఫేబీకి తింటున్న బిస్కెట్ గొంతులో అడ్డం పడింది.

స్కూలు సెలవుల్లో చర్చి పిల్లలందర్నీ కార్లలో దూరాన ఉన్న కైకోరా తీసుకెళ్లాలని పెద్దవాళ్లు అనుకున్నారు. అక్కడ సముద్రం పక్కన రాళ్ల మీద సీల్స్ అనే సముద్ర జంతువులు గుంపులుగా పడుకుని ఉంటాయి. ఆ సంగతి విన్నప్పటి నుంచి ఈతన్ మనిషిలా మాట్లాడటం మానేశాడు. అన్నం కావాలన్నా, నీళ్లు కావాలన్నా సీల్‌లా అరుస్తున్నాడు. అమ్మ రెబెక్కా హాస్పిటల్లో నర్సు. డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చిన ఆవిడ కూడా ఆ అరుపులకు అరుపుతోనే బదులిస్తోంది.

ఒకరోజు సాయంత్రం లోకేశ్ అంకుల్ ఫోన్ చేశాడు. ప్రయాణం ఏర్పాట్లు ఆయనే చూస్తున్నాడు. కార్లన్నీ ప్రీమియం తాగేవే అని తేలాక అంత దూరం పోయి రావడం అందరికీ బరువవుతోందట. ఈసారికి ఊళ్లోనే హేగ్లీ పార్కుకు వెళ్దామని నిర్ణయించారట.

"అమ్మా, హేగ్లీ పార్కులో సీల్స్ ఉంటాయా?" అని అడిగాడు ఈతన్. చాలా రోజుల తర్వాత వాడు మామూలుగా మాట్లాడిన మాట అదే.

బాతులుంటాయని రెబెక్కా చెప్పింది. ఈతన్ ఏడవలేదు. లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు. ఏడ్చినా బాగుండేదని ఫేబీకి అనిపించింది. దీనికంతటికీ కారణం తనేనని తెలిసి, ఆమెకు ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే ఫేబీ కాగితం, పెన్సిల్ తీసుకుని కారు దగ్గరికి వెళ్లింది. స్టిక్కర్ మీది గీతలను ఉన్నవి ఉన్నట్టు బొమ్మలా గీసుకుంది. స్కూల్లో దాన్ని హరుకా టీచర్‌కు చూపించింది. జపనీస్ చెప్పేది ఆవిడే.

"రెగ్యులర్ పెట్రోల్ అని ఉంది. మీ కారుకా?" అంది టీచర్.

ఫేబీ తలూపింది. ప్రీమియం పోస్తే కారు పాడవుతుందా అని అడిగింది. పాడవదని టీచర్ చెప్పింది. అలాగని బలమూ పెరగదట. మామూలు పెట్రోల్‌తో నడిచేలా చేసిన కారుకు ఖరీదైనది పోసినా అది అలాగే నడుస్తుందట. కొన్ని కార్లకు మాత్రం నిజంగానే ప్రీమియం కావాలట. వాటి మీద వేరే అక్షరాలుంటాయట.

ఆ వేరే అక్షరాలు కూడా నేర్పమని ఫేబీ అడిగింది. ఆ వారమంతా షాలీన్ ఆటకు పిలిచినా వెళ్లకుండా, లంచ్ టైములో టీచర్ దగ్గరే కూర్చుని ఆ రెండు మాటలూ దిద్దింది.

శనివారం విన్సెంట్ కారు కడుగుతుంటే ఫేబీ వెళ్లి పక్కన నిలబడింది.

"నాన్నా, ఆ రోజు నాకు చదవడం రాలేదు. వచ్చినట్టు చెప్పాను. ఇది మామూలు పెట్రోల్ కారే."

విన్సెంట్ చేతిలోని గుడ్డ ఆగిపోయింది. ఆయన దాన్ని బకెట్లో పిండి పక్కన పెట్టాడు.

"మరి చర్చిలో మిగతా కార్ల సంగతి?" అన్నాడు.

"నేనే చెప్తాను. ఇప్పుడు నిజంగా చదవడం వచ్చు."

ఆదివారం టీ వేళకు ఫేబీ పార్కింగ్‌లో అందరి ముందూ నిలబడి, జరిగిన సంగతి చెప్పింది. మూతలు మళ్లీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఈసారి ఫేబీ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. మొదటి కారు రెగ్యులర్. తర్వాతిదీ అంతే. ఆ వరసలో అన్నీ అంతే. చివరికి లోకేశ్ అంకుల్ పెద్ద కారు ఒక్కటే నిజంగా ప్రీమియం అని తేలింది.

మొత్తానికి ఖరీదైన నోరున్నది నా కారొక్కదానికేనన్నమాట అని లోకేశ్ అంకుల్ నిట్టూర్చాడు. దాంతో అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల మధ్యే కైకోరా ప్రయాణం మళ్లీ ఖాయమైంది. ఈతన్ పార్కింగ్ అంతా మారుమోగేలా సీల్‌లా అరిచాడు. రైస్ కుక్కర్‌తో వచ్చిన నిరుపమ ఆంటీకి మాత్రం, అది చదవడం రాదని ఫేబీ ముందే చెప్పేసింది.

సెలవులొచ్చాయి. బయలుదేరే రోజు పొద్దున డబ్బాలో పులిహోర, సీసాల్లో నీళ్లు సర్దుకుని నలుగురూ కారెక్కారు. దారిలో విన్సెంట్ 91 పోయించి, మళ్లీ కారు స్టార్ట్ చేశాడు. లోపలి నుంచి ఆ గొంతు ఎప్పటిలాగే జపనీస్‌లో ఏదో అంది.

"ఫేబీ, ఈవిడ రోజూ ఏమంటోందే?" అని అడిగింది రెబెక్కా.

ముగ్గురూ ఫేబీ వైపు తిరిగారు. ఫేబీ ఆ మాటలను మరోసారి తలచుకుని చూసింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"నాకు తెలీదమ్మా. స్కూలు తెరవగానే హరుకా టీచర్‌ని అడిగి చెప్తాను," అంది నవ్వుతూ.

"అప్పటిదాకా మన మర్యాద మనం చేద్దాం," అన్నాడు విన్సెంట్.

నలుగురూ కలిసి ఆ గొంతుకు "వందనాలమ్మా" అన్నారు. కారు కైకోరా దారి పట్టింది.